డబ్బులిచ్చింది స్పైడర్‌మ్యాన్‌కి, చేతికొచ్చింది మూడో వంతు కథ

ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చిన మొదటి సెమిస్టర్‌లో, అంటే 2005 చివర్లో, క్యాంపస్ పక్క వీధిలో ఒక కామిక్స్ షాపు కనపడింది. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఏది దొరికితే అది, ముందూ వెనకా తెలియకుండా చదివినదాన్ని నేను. ఇక్కడైతే ప్రతి బుధవారం కొత్త సంచికలొస్తాయి, ఒక కథని వరసగా చదువుకోవచ్చు అని సంబరపడిపోయాను. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 525వ సంచిక కొని తెచ్చుకున్నాను.

తెరిస్తే అది మూడో భాగం.

పోనీలే, మొదటి రెండు భాగాలూ 523, 524ల్లో ఉంటాయనుకుని మళ్ళీ వెళ్ళాను. లేవు. ‘ది అదర్’ అనే ఆ కథ పన్నెండు భాగాలట, మూడు వేరు వేరు స్పైడర్‌మ్యాన్ నెలవారీ పుస్తకాల్లో వంతులవారీగా వస్తుందట. ఒకటో భాగం ఫ్రెండ్లీ నైబర్‌హుడ్ స్పైడర్‌మ్యాన్‌లో, రెండోది మార్వెల్ నైట్స్ స్పైడర్‌మ్యాన్‌లో, మూడోది నేను కొన్నదాంట్లో. నాలుగోదానికి మళ్ళీ మొదటి పుస్తకానికి పోవాలి. నేను ఒక్క అమేజింగ్ మాత్రమే కొంటే నాకు దక్కేవి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. రాసేవాళ్ళు కూడా ముగ్గురు: పీటర్ డేవిడ్, రెజినాల్డ్ హడ్లిన్, జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ. పోనీ ఎవరి పుస్తకం వాళ్ళు రాసుకున్నారా అంటే అదీ లేదు. మొదటి మూడు భాగాలూ, అవి ఏ పుస్తకంలో వచ్చినా సరే, డేవిడే రాశాడు. స్ట్రజిన్‌స్కీ రాస్తాడని కొన్న పుస్తకంలో ఇంకొకరి రాత.

షాపాయన యాభై దాటిన మనిషి. నా మొహం చూసి నవ్వి, మిగతా రెండు పుస్తకాలూ కౌంటర్ మీద పెట్టాడు. కొన్నాను. ఆ కథలో స్పైడర్‌మ్యాన్ చచ్చిపోతాడు, గూడు కట్టుకుని మళ్ళీ పుడతాడు, మణికట్టు దగ్గర ముళ్ళు పొడుచుకొచ్చే కొత్త శక్తులొస్తాయి. ఇంత చేశాక ఆ ముళ్ళ ఊసు తర్వాత పెద్దగా ఎత్తినవాళ్ళు లేరు. అప్పటికి నాకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఉత్సాహంగానే ఉన్నాను. ‘పుల్ లిస్ట్’ కూడా పెట్టించుకున్నాను.

పుల్ లిస్ట్ అంటే షాపులో మన పేరు మీద ఒక ఫోల్డరు. మనం చెప్పిన పుస్తకాలు రాగానే అందులో తీసి పెడతారు, మనం వారానికోసారి వెళ్ళి డబ్బులు కట్టి తెచ్చుకుంటాం. వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ దీని వెనక ఉన్న లెక్క తెలిస్తేనే ఈవెంట్లతో, అంటే చాలా పుస్తకాల హీరోల్ని ఒకే పెద్ద కథలోకి లాగే వాటితో, వచ్చే తలనొప్పి అర్థమవుతుంది. అమెరికాలో కామిక్స్ షాపులు సంచికల్ని సాధారణంగా వాపసు ఇచ్చే వీలు లేకుండా కొంటాయి. అమ్ముడుపోనిదంతా షాపు నెత్తినే. పైగా ఆర్డరు రెండు నెలల ముందే పెట్టాలి. అప్పట్లో దాదాపు అన్ని షాపులకీ సరుకు డైమండ్ అనే డిస్ట్రిబ్యూటర్ నుంచే వచ్చేది. వాళ్ళు నెలనెలా ‘ప్రివ్యూస్’ అని లావుపాటి కేటలాగు వేసేవాళ్ళు. షాపాయన అది మన ముందు పెట్టి ఏమేం కావాలో టిక్కులు పెట్టమనేవాడు. అంటే ఈవెంట్ మొదటి సంచిక నేను కళ్ళతో చూడకముందే, దాని మూడో నెలలో రాబోయే అనుబంధ సంచికలు కావాలో వద్దో చెప్పేయాలి. కథ నచ్చిందా లేదా అన్న ప్రశ్నకి ఈ పద్ధతిలో చోటే లేదు.

ఆ అనుబంధ సంచికల్నే టై-ఇన్‌లు అంటారు. ఈవెంట్‌కి మధ్యలో ఒక ప్రధాన పుస్తకం ఉంటుంది. చుట్టూ ఉన్న నెలవారీ పుస్తకాలు తమ సొంత కథని కాసేపు పక్కన పెట్టి దాని కథలోకి వస్తాయి. ఏది ముందు చదవాలో చెప్పే చెక్‌లిస్ట్ సంచిక వెనకాల అచ్చవుతుంది.

2006 మేలో సివిల్ వార్ మొదలైంది. రచన మార్క్ మిల్లర్, బొమ్మలు స్టీవ్ మెక్‌నివెన్, మొత్తం ఏడు సంచికలు. కనెక్టికట్‌లో స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో, టీవీ షో కోసం విలన్లని పట్టుకోబోయిన కుర్ర హీరోల తొందరపాటు వల్ల ఒక స్కూలు పక్కనే పేలుడు జరిగి వందల మంది పోతారు. దాంతో హీరోలందరూ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలని చట్టం వస్తుంది. ఐరన్ మ్యాన్ చట్టం వైపు, కెప్టెన్ అమెరికా ఎదురు. ఎంత మంచి ఎత్తుగడ! మొదటి సంచిక నేను బస్సులోనే చదివేసి, రూమ్‌కి రాగానే మళ్ళీ చదివాను. రెండో సంచిక చివర్లో స్పైడర్‌మ్యాన్ విలేకరుల ముందు ముసుగు తీసేసి తన పేరు పీటర్ పార్కర్ అని చెప్పేస్తాడు. ఆ వార్త పేపర్లలో కూడా వచ్చింది.

ఆ వేసవంతా నా ఫోల్డరు ఉబ్బుతూ పోయింది. ఒక పుస్తకం ఇంకో పుస్తకానికి దారి చూపిస్తుంది, అది మరోదానికి. ఫెంటాస్టిక్ ఫోర్, న్యూ అవెంజర్స్, వుల్వరీన్, కెప్టెన్ అమెరికా, ఇవి కాక ఈవెంట్ కోసమే పుట్టిన ఫ్రంట్ లైన్ అనే పదకొండు సంచికల పుస్తకం. స్టైపెండ్‌తో బతికే పిల్లని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ ‘సరిగ్గా తింటున్నావా’ అంటే ‘తింటున్నా’ అనేదాన్ని.

డబ్బు సంగతి పక్కన పెడితే అసలు చిక్కు వేరే చోట వచ్చింది. అన్నీ కొని అన్నీ చదివినా కథ అతకలేదు. ఇన్ని పుస్తకాలు కలిసి ఒకే చట్టం గురించి చెప్తున్నాయి కదా, ఆ చట్టం ఏమంటుందో చెప్పమంటే ఒక్కో పుస్తకం ఒక్కో మాట. ఒక చోట శక్తులున్నవాళ్ళందరూ పేరు రాయించుకోవాలంటారు, ఇంకో చోట ముసుగేసుకుని వీధిలోకి వచ్చేవాళ్ళకే అంటారు, మరో చోట పేరు రాయిస్తే ప్రభుత్వ ఉద్యోగంలో చేరినట్టే అంటారు. ఫెంటాస్టిక్ ఫోర్ నాయకుడు రీడ్ రిచర్డ్స్ సంగతి మరీ విచిత్రం. తన సొంత భార్య ఇల్లు వదిలి అవతలి పక్షానికి వెళ్ళిపోతున్నా ఈయన చట్టం వైపే ఎందుకున్నాడు? అమేజింగ్ స్పైడర్‌మ్యాన్‌లో దానికి ఒక జవాబుంది: వెనకటికి వాళ్ళ బంధువు ఒకాయన ప్రభుత్వాన్ని ధిక్కరించి సర్వనాశనమైపోయాడు, కాబట్టి చట్టానికి ఎదురెళ్ళకూడదు. చదివి, సరే, మనిషన్నాక భయాలుంటాయి అనుకున్నాను. రచయిత మారాక ఫెంటాస్టిక్ ఫోర్‌లోనే ఇంకో జవాబొచ్చింది: సమాజం ఎటు పోతుందో లెక్కగట్టే గణితం ఒకటి తయారు చేశాడు, చట్టం లేకపోతే పెద్ద విపత్తు వస్తుందని ఆ లెక్క చెప్పింది. రెండూ బాగానే ఉన్నాయి. కానీ రెండూ ఒకే మనిషి ఒకే నెలల్లో చేసిన ఒకే పనికి కారణాలు! రాసినవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదో, మాట్లాడుకునే తీరిక దొరకలేదో. అతుకులు వేసే పని చివరికి డబ్బులు పెట్టి కొన్న పాఠకురాలి మీద పడింది.

ఫ్రంట్ లైన్ ముగింపు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. ఓడిపోయి జైల్లో కూర్చున్న కెప్టెన్ అమెరికాని శాలీ ఫ్లాయిడ్ అనే విలేకరి ఇంటర్వ్యూ చేస్తూ నీకు మైస్పేస్ (అప్పటి సోషల్ మీడియా సైటు) తెలుసా, కారు రేసులు ఆఖరిసారి ఎప్పుడు చూశావ్, నీకు అమెరికా అంటే ఏమిటో తెలియదు పో, అన్నట్టు కడిగేస్తుంది. హిట్లర్ కాలంలో యుద్ధం చేసొచ్చిన మనిషిని! ఇంత డబ్బు పోసి పదకొండు సంచికలు వెంటపడితే నాకు దొరికిన పతాక సన్నివేశం మైస్పేస్.

ఆలస్యాల దగ్గరికొస్తాను. నాలుగో సంచిక ఆగస్టులో రావాల్సింది సెప్టెంబరులో వచ్చింది. ఐదోది సెప్టెంబరు నుంచి నవంబరుకి పోయింది. ఏడోది వచ్చేసరికి 2007 ఫిబ్రవరి. బొమ్మలు మొదట్నుంచి చివరిదాకా మెక్‌నివెన్ చేతే వేయించాలని, మధ్యలో వేరే చిత్రకారుణ్ణి దించకూడదని తీసుకున్న నిర్ణయం వల్ల ఆ ఆలస్యం. ఒక పుస్తకం ఆగితే నాకేం బాధ లేదు, మంచి బొమ్మల కోసం ఆగుతాను. కానీ ఈవెంట్‌లో ఒకటి ఆగితే ఒకటే ఆగదు. ప్రధాన పుస్తకంలో జరగాల్సింది జరగకుండా మిగతావాటిలో దాని తర్వాతి సంగతి చెప్పకూడదు గనక వాటిలో కొన్నీ ఆగిపోయాయి. బుధవారం షాపుకి వెళ్తే ఫోల్డరు ఖాళీ. ఇంకో బుధవారం ఒకేసారి కట్ట. ఏ నెల బడ్జెట్టూ నిలబడలేదు.

2007 మార్చి 7, బుధవారం. ఈవెంట్ అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో కెప్టెన్ అమెరికా 25వ సంచిక వచ్చింది. పొద్దున్న ల్యాబ్‌లో కూర్చుని మెయిల్ తెరిస్తే తమ్ముడు విజయవాడ నుంచి రాశాడు: ‘అక్కా, మీ కెప్టెన్‌ని కోర్టు మెట్ల మీద కాల్చేశారంట కదా, వార్తల్లో వచ్చింది.’ నాకు సాయంత్రం దాకా క్లాసులున్నాయి. షాపుకి వెళ్ళేసరికి సంచికలు అయిపోయాయి కూడా. కామిక్స్ ఎప్పుడూ చదవనివాళ్ళు ఏదో విలువ పెరుగుతుందని వచ్చి కొనుక్కుపోయారు. నా ఫోల్డరులో నాది భద్రంగా ఉంది, అది వేరే విషయం. పుల్ లిస్ట్ వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే చెప్పుకోవాలి.

న్యాయం మాట్లాడాలంటే, ఆ పుస్తకం ఈవెంట్‌ని వాడుకుంది తప్ప ఈవెంట్ చేత వాడబడలేదు. దాని రచయిత ఎడ్ బ్రూబేకర్ అంతకు ముందు నుంచే తన కథ ఒకటి నడుపుకుంటూ వచ్చాడు. కెప్టెన్ పోయాక కూడా ఆ కథ ఆగలేదు. కెప్టెన్ పాత నేస్తం బకీ ఆ డాలు ఎత్తుకునేదాకా నిదానంగా, దుఃఖాన్ని దుఃఖంలా చూపిస్తూ నడిపించాడు. టై-ఇన్ అనగానే చెత్త అని తోసేసేవాళ్ళతో నాకు పేచీ అందుకే. పుస్తకానికి తనదంటూ ఒక దారి ఉంటే ఈవెంట్ వచ్చి వెళ్ళినా తట్టుకుంటుంది.

నేను కొంటున్న స్పైడర్‌మ్యాన్‌కే ఆ దారి లేకుండా పోయింది. ఒకరోజు పెట్టె సర్దుతూ సంచికలన్నీ వరసగా పేర్చి చూశాను. 525 నుంచి 528 దాకా ది అదర్. 529 నుంచి 531 సివిల్ వార్‌కి దారి. 532 నుంచి 538 సివిల్ వార్. 539 నుంచి 543 దాని పర్యవసానంగా నల్ల దుస్తుల కథ, బ్యాక్ ఇన్ బ్లాక్. 544, 545 వన్ మోర్ డే. ఇరవై ఒక్క సంచికల్లో కవర్ మీద ఇలా ఏదో ఒక పెద్ద కథ పేరు పట్టీగా లేని సంచిక లేదు. పీటర్ స్కూల్లో పాఠం చెప్పుకుంటూ, ఇంటి అద్దె గురించి బెంగపడుతూ, ఒక చిల్లర దొంగని పట్టుకుని భోజనానికి ఆలస్యంగా ఇంటికొచ్చే మామూలు కథ ఒక్కటీ లేదు. నాకు స్పైడర్‌మ్యాన్ నచ్చిందే అందుకు. ప్రపంచం మునిగిపోయే కథలకి వేరే వాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ ఆఖరి వన్ మోర్ డే సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. ముసుగు తీసిన ఫలితంగా, పీటర్‌ని పెంచిన మే అత్తకి తూటా తగులుతుంది. ఆవిణ్ణి బతికించడానికి పీటర్, అతని భార్య మేరీ జేన్ ఒక దెయ్యంతో బేరం కుదుర్చుకుని తమ పెళ్ళినే వదులుకుంటారు. పెళ్ళి జరగనేలేదన్నట్టు లోకం మారిపోతుంది, పీటరే స్పైడర్‌మ్యాన్ అన్న సంగతి కూడా జనం మర్చిపోతారు. 1987లో జరిగిన పెళ్ళి! ముసుగు తీయడమనే ఆ పెద్ద మలుపు, ఏ మలుపు కోసం నేను అన్ని పుస్తకాలు కొన్నానో అది, ఏడాదిన్నరలో లేనట్టే అయిపోయింది. ఇకమీదట ఏదీ మునుపటిలా ఉండదని ఈవెంట్ ప్రకటనల్లో చెప్తారు. ఈ ఒక్కసారికి మునుపటిలా ఉంచితే బాగుండనిపించింది.

2008 జనవరిలో వెళ్ళి అమేజింగ్ నా లిస్ట్‌లోంచి తీసేయమన్నాను. షాపాయన ఏమీ అనకుండా పెన్సిల్‌తో కొట్టేసి, వెనక అర నుంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాడు. ప్లానెట్ హల్క్, గ్రెగ్ పాక్ రాసింది. 2006లో భూమ్మీద హీరోలు ఒకళ్ళనొకళ్ళు తన్నుకుంటున్నప్పుడు హల్క్‌ని వాళ్ళే రాకెట్‌లో పెట్టి అంతరిక్షంలోకి పంపించేశారు. అక్కడెక్కడో ఇంకో గ్రహం మీద బానిసగా, మల్లుడిగా, చివరికి రాజుగా ఆయన కథ ఆయన నడుపుకున్నాడు. ఎవరూ వచ్చి పట్టీ అంటించలేదు. అదే ఏడాది అనైహిలేషన్ అని అంతరిక్షంలో జరిగే ఇంకో కథ కూడా వచ్చింది. అదీ చాలా పుస్తకాలు కలిసే క్రాసోవరే, కానీ తన నాలుగు గోడల మధ్యే మొదలై అక్కడే ముగిసింది. ఆ ఏడాది భూమ్మీద లేనివాళ్ళే బతికిపోయారు.

షాపాయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఆయన చెప్పడం ప్రకారం ఇదంతా 1984 నాటి సీక్రెట్ వార్స్‌తో ఊపందుకుంది. పన్నెండు సంచికలు, రచన జిమ్ షూటర్, మ్యాటెల్ కంపెనీ బొమ్మలతో కలిపి తెచ్చిన పుస్తకం. మరుసటి ఏడాది, మార్వెల్‌కి పోటీ కంపెనీ అయిన డీసీ వాళ్ళ క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్, అదీ పన్నెండే. దానికైతే ఒక నిజమైన పని ఉంది: దశాబ్దాలుగా పేరుకుపోయిన సమాంతర భూములన్నిటినీ కలిపి ఒకటి చేయడం. తొంభైల్లోకి వచ్చేసరికి పనితో సంబంధం పోయింది. 1993 మాక్సిమమ్ కార్నేజ్ పద్నాలుగు భాగాలు, అయిదు స్పైడర్‌మ్యాన్ పుస్తకాల మీదుగా. నేను మూడు పుస్తకాలకే ఏడ్చాను. మరి షాపులవాళ్ళు ఎందుకు తెప్పిస్తారయ్యా అంటే, పట్టీ ఉన్న సంచిక అమ్ముతుంది, పట్టీ లేని మంచి పుస్తకం అరలో ఉండిపోతుంది అన్నాడు. ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు గానీ దీంట్లో ఒక విషచక్రం ఉంది. తక్కువ అమ్ముడయ్యే పుస్తకానికి ఈవెంట్ పట్టీ వేస్తే ఆ రెండు మూడు నెలలు ఆర్డర్లు లేస్తాయి. పట్టీ తీయగానే కొత్తగా వచ్చినవాళ్ళు పోతారు. 2008లో కెప్టెన్ బ్రిటన్ అండ్ ఎమ్‌ఐ 13 అని పాల్ కార్నెల్ రాసిన చక్కటి పుస్తకం సీక్రెట్ ఇన్వేజన్ అనే ఈవెంట్‌కి టై-ఇన్‌గానే పుట్టింది. 15 సంచికలతో 2009లో ఆగిపోయింది.

డీసీ చదివేవాళ్ళు సుఖపడ్డారా అంటే, నా ల్యాబ్‌మేట్ ఒకడు కౌంట్‌డౌన్ అనే వారపత్రిక 51 సంచికలూ కొన్నాడు, ఫైనల్ క్రైసిస్ అనే ఈవెంట్‌కి అది ముందుకథ అని. తీరా ఫైనల్ క్రైసిస్ మొదలయ్యాక ముందుకథలో జరిగిన వాటికీ దీనికీ పొంతన కుదరలేదు. వాడి ముందు నా బాధ చెప్పుకోవడం మానేశాను.

చదువైపోయి ఉద్యోగమొచ్చి న్యూజెర్సీకి మారాను, జెర్సీ సిటీలో కాపురం. కొన్నేళ్ళు కామిక్స్ వైపు పోలేదు. మళ్ళీ లాక్కొచ్చింది 2014 ఫిబ్రవరిలో వచ్చిన మిజ్ మార్వెల్. రచన జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా. కమలా ఖాన్ అనే పదహారేళ్ళ పాకిస్తానీ అమెరికన్ పిల్ల, మా జెర్సీ సిటీ పిల్ల. మొదటి పేజీలోనే కొట్లో నిలబడి తినకూడని బేకన్‌ని వాసన మాత్రం చూస్తుంటుంది. గుడ్డు కూడా వంటింటి గడప దాటని ఇంట్లో పెరిగి, కాలేజీలో మొదటిసారి బిర్యానీ ముందు అలాగే నిలబడినదాన్ని నేను. న్యూయార్క్ నుంచి పాత్ రైలు దిగి జర్నల్ స్క్వేర్ మీదుగా ఇంటికి నడుస్తూ, మన కిరాణా కొట్లున్న న్యూఆర్క్ అవెన్యూలో ఆ పిల్ల ఎక్కడో ఎదురవుతుందేమో అనిపించేది. ఇరవై ఏళ్ళప్పుడు స్పైడర్‌మ్యాన్‌లో నేను వెతుక్కున్న మామూలు కథలు ఇందులో దొరికాయి. మళ్ళీ ఒక షాపు, మళ్ళీ ఒక ఫోల్డరు.

అప్పుడే జొనథన్ హిక్‌మన్ అవెంజర్స్, న్యూ అవెంజర్స్ అనే రెండు పుస్తకాలతో ఒక పెద్ద కథని మెల్లగా సీక్రెట్ వార్స్ అనే కొత్త ఈవెంట్ వైపు తీసుకెళ్తున్నాడు. 1984 పేరే మళ్ళీ. ఒకే రచయిత ఏళ్ళ తరబడి కట్టుకుంటూ వచ్చిన కథ కాబట్టి ఇది అతుకుతుందని నమ్మాను, అతికింది కూడా. లోకాలన్నీ నాశనమై మిగిలిన ముక్కలతో డాక్టర్ డూమ్ అనే విలన్ ఒక ప్రపంచం చేసి దానికి తానే దేవుడవుతాడు. ఏసాడ్ రిబిచ్ బొమ్మలు చూసి తీరాలి. 2015 మేలో మొదలైన ఆ పుస్తకం ఎనిమిది సంచికలని మొదలుపెట్టి తొమ్మిదికి పెంచారు, ఆలస్యమవుతూ చివరిది 2016 జనవరిలో వచ్చింది. కానీ ఈవెంట్ తర్వాత మొదలు కావాల్సిన కొత్త పుస్తకాలు మాత్రం చెప్పిన టైముకి అక్టోబరులోనే మొదలైపోయాయి. ముగింపు తెలియకముందే ‘ముగిశాక ఎనిమిది నెలలకి’ అని కథ! ఇన్విన్సిబుల్ ఐరన్ మ్యాన్ కొత్త మొదటి సంచిక చివర్లో డాక్టర్ డూమ్ ప్రత్యక్షమవుతాడు. ఎన్నో దశాబ్దాలుగా ఇనప ముసుగు కింద దాచుకున్న కాలిపోయిన మొహం మామూలుగా, అందంగా ఉంటుంది. ఆ మొహం ఎలా బాగైంది, ఎవరు బాగు చేశారు అన్నదే సీక్రెట్ వార్స్ ఆఖరి సంచికకి ప్రాణం. నాకది మూడు నెలల ముందే అంగడిలో పెట్టి అమ్మేశారు.

కమలా పుస్తకానికి కూడా ఈ ఈవెంట్ తగిలింది. 16 నుంచి 19 వరకు ‘లాస్ట్ డేస్’ పట్టీతో వచ్చాయి. ఇంకో భూమి ఆకాశంలో దిగి వస్తుంటే ఊరంతా స్కూల్లో తలదాచుకుంటుంది. ఆ హడావిడిలో కమలా తాను ఎవరో అమ్మకి చెప్పబోతుంది, వాళ్ళమ్మ నాకు తెలుసులే అంటుంది. నేను ఏడ్చేశాను. అంత మంచి టై-ఇన్ నేను ఇంకోటి చదవలేదు. మరి ఆ తల్లికి తెలిసిన మర్నాటి నుంచి ఆ ఇల్లు ఎలా నడిచింది? అన్నం తినేటప్పుడు ఏం మాట్లాడుకున్నారు? ఆ కథ కోసం పుస్తకం మళ్ళీ ఒకటో నంబరుతో మొదలయ్యేదాకా ఆగితే, ఎనిమిది నెలలు గడిచిపోయాయి, కమలా అవెంజర్స్‌లో చేరిపోయింది, ప్రాణస్నేహితుడు బ్రూనోకి ఎవరో గర్ల్‌ఫ్రెండ్ వచ్చేసింది. నాకు కావలసిన ఎనిమిది నెలలే ఎత్తేశారు. రచయిత్రి తన వంతు బాగానే లాక్కొచ్చింది, ఆవిడ్ని అనడానికేం లేదు. స్క్విరల్ గర్ల్ అనే ఇంకో పుస్తకం వాళ్ళు మాత్రం అదే ఏడాది రెండోసారి ఒకటో నంబరుతో వస్తూ, ‘ఈ ఏడాదికి ఇది మా రెండో ఒకటో నంబరు మాత్రమే’ అని కవర్ మీదే వేసి తమ మీద తామే జోకేసుకున్నారు. ఆ కవర్ నా డెస్క్ దగ్గర చాలా రోజులు ఉంది.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఓసారి నా చిరాకు చూసి విషయమేంటని అడిగింది. విడమర్చి చెప్తే, ‘ఓస్, మహాసంగమమా!’ అంది. టీవీలో రెండు సీరియళ్ళ వాళ్ళని ఒక పెళ్ళికో నోముకో కలిపి గంట సేపు నడిపిస్తారు కదా, అది. నీకు కోపం రాదా అంటే, ‘రాకేం. మా కోడలుపిల్ల సంగతి శుక్రవారం తేలాల్సింది, మధ్యలో ఎవరింటి గొడవో తెచ్చి వారమంతా సాగదీస్తారు. అవతలాళ్ళు వచ్చినప్పుడు లేచి పోపు పెట్టుకుంటా’ అంది. నేను అన్నేళ్ళు అన్ని పుస్తకాలు కొని చేయలేని పని ఆవిడ పోపుతో చేసేస్తోంది.

సివిల్ వార్ ఏడు సంచికలూ కలిపి అచ్చేసిన పుస్తకం లైబ్రరీలో కనపడితే ఈ మధ్యే తెచ్చుకుని ఒక సాయంత్రం కూర్చుని చదివాను. బాగుంది. అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. రీడ్‌కి రెండు కారణాలు లేవు, మైస్పేస్ లేదు, ఖాళీ బుధవారాలు లేవు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే చెయ్యి వేసిన బొమ్మలు. ఆ ఆలస్యం పుస్తకానికి మేలే చేసింది. దెబ్బ తిన్నది నెలనెలా కొన్న మేమే.

ఇప్పుడు నా ఫోల్డరులో ఈవెంట్ ఏదీ ఉండదు. ఏదైనా పెద్దది మొదలైతే అది పూర్తయి, ఒక పుస్తకంగా వచ్చాక, నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు చదివాక తెచ్చుకుంటాను. నెలవారీగా కొనేవాటిలో ఒకదాని మీద పట్టీ పడితే ఆ రచయిత ఎవరో చూస్తాను. నమ్మకమున్న మనిషైతే ఆ ఒక్క పుస్తకమే చదువుతాను, చెక్‌లిస్ట్‌లో మిగతావి కొనను, అర్థం కానిది అర్థం కాకుండానే వదిలేస్తాను. ఇక్కడి షాపులో కుర్రాడు కొత్త కేటలాగు వచ్చినప్పుడల్లా ఈవెంట్ పేజీ దగ్గర వేలు పెట్టి, ‘మేడమ్, ఇది అయిదే సంచికలు’ అంటాడు. టై-ఇన్‌లు ఎన్ని అని అడుగుతాను. పేజీ తిప్పుతాడు, ఇంకో పేజీ తిప్పుతాడు.